బెజ్జం

ఆటోనగర్ నాలుగో రోడ్డులో మా షెడ్డు.
రేకుల మీద ఎండ, రేకుల కింద కొలిమి.
"బెజవాడ ఎండ చాలదనా
గాజుకి ఇంకో ఆరొందల యాభై?" అంటాడు ఖాసింవలి.
రోజూ ఇదే మాట. రోజూ తనే నవ్వుకుంటాడు.

గుంటూరులో శుభలేఖలు కొట్టిన చెయ్యి అతనిది.
గుడ్డ బ్యానర్లు, యూనియన్ల రసీదు పుస్తకాలు,
ఒక ఎలక్షన్లో ముగ్గురు అభ్యర్థులకీ ఒకే రాత్రి.
ఫ్లెక్సీ వచ్చి ఆ పనంతా మింగేసింది.
చెయ్యి మాత్రం మర్చిపోలేదు
స్క్వీజీని ఎంత వాల్చాలో,
ఎక్కడ ఊపిరి బిగబట్టాలో.
ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే లాగు.
ఆగితే గీత పడుతుంది.
దగ్గినా పడుతుంది.

నా పని ఆ తర్వాత.
ట్యూబులైటు ముందు పలకని నిలబెట్టి
రంగు పట్టని చోట్లు వెతకడం.
జాలీ కంట్లో నలుసు పడితే
అక్కడ వెలుతురు కారుతుంది.
సన్న కుంచెతో ఒక బొట్టు.
ఏ దిద్దుబాటైనా కొలిమిలోకి పోయేలోపే.
పోయాక రంగూ గాజే అయిపోతుంది,
గోకినా రాదు, కడిగినా పోదు.

సూర్యారావుపేట ఆస్పత్రి ఆర్డరు, పన్నెండు పలకలు,
కాన్పుల వార్డుకి.
"లోపలికి వెలుతురు పోవాలి, చూపు పోకూడదు"
ఫోన్లో ఓనరు.
కింద నిండు తెలుపు,
పైకి పోయేకొద్దీ చుక్కలై విడిపోవాలి.
చుక్కలే, గీతల్లేవు.
ఎవరో పెట్టి, కలపకుండా లేచిపోయిన ముగ్గు.

ఏడో పలకలో, తెలుపులో, మోకాలి ఎత్తున
బియ్యపుగింజలో సగం.
చూశాను.
అప్పటికే కుంచె కడిగేశాను.
క్యారేజీలో గోంగూర అన్నం
పొద్దుట్నుంచీ పిలుస్తోంది.
పోనిచ్చాను.

"అది నీ సంతకం రాహేలూ" అన్నాడు ఖాసింవలి, తెలిశాక.
సంతకమూ లేదు, చట్టుబండలూ లేవు.
ఆకలేసింది, అంతే.

మొన్న మా వీధి నాగరత్నానికి నొప్పులొస్తే తోడు వెళ్ళాను.
మూడో అంతస్తు.
గాజుకి అటు నీడలు, ఇటు మేము.
లెక్కపెట్టుకుంటూ పోతే ఏడో పలక దగ్గర
నాలుగేళ్ళ పిల్లాడొకడు చతికిలబడి
ఒక కన్ను చేత్తో మూసుకుని
రెండో కన్ను నా తప్పుకి ఆనించి ఉన్నాడు.

కొండకి బెజ్జం పడితేనట కృష్ణకి దారి దొరికింది,
ఆ బెజ్జం పేరేనట ఈ ఊరికి.
రేవులో దుప్పట్లు పిండుతూ మా అమ్మమ్మ చెప్పేది.
నాకెప్పుడూ నమ్మకం కుదర్లేదు.

"ఏం కనబడుతోందిరా?"
కన్ను తియ్యకుండానే చెప్పాడు:
"మా అమ్మ చెప్పులు.
ఒకటి బోర్లా పడింది."