దుమ్ము తుడిచే పని

పదకొండేండ్లు జనరేటర్ గదిల ఉన్న.
సొహార్‌ల ఈ దవాఖానకు కరెంటు పోతే
నన్నే లేపేటోళ్ళు.
ఎడమ చెవి డీజిల్ మోతకే ఇచ్చిన,
అటు దిక్కు నిలబడి మాట్లాడితే ఇనరాదు.

ఇప్పుడు నా పని మిద్దె మీద.
ఫజర్ నమాజుకు ముందే ఎక్కుత,
పొడుగు కట్టె బ్రష్షు, అర బకెట్ నీళ్ళు.
పొద్దెక్కితే పలకలు పెనం లెక్క కాలుతయి.
రాత్రి గాలి తెచ్చిన ఇసుక
అద్దం మీద పిండి ఆరబోసినట్టు.
తుడిచినకొద్దీ కింద నల్లటి నీలం తేలుతది.

మొదట్ల నవ్విన:
ఈ దేశంల ఎండను కూడ
పనిల పెట్టుకున్నరా అని.
అకౌంట్స్ బదరియా మేడం
జులై బిల్లు చూపింది. మూడో వంతు లేదు.
ఏసీలు అట్లనే తిరుగుతున్నయి,
మందుల ఫ్రిజ్‌లు అట్లనే చల్లగున్నయి.
మిగిలిన రియాళ్ళు ఏం జేస్తరు మేడం?
"డయాలిసిస్‌కు ఇంకో రెండు కుర్చీలు."

రెండో కుర్చీల ఇయ్యాల రాజలింగు.
షట్టరింగ్ పని. ఆరు ఎండకాలాలు
స్లాబ్ మీద నిలబడి,
నీళ్ళకు దిగితే గంట పైసలు కోస్తరని దిగక
కిడ్నీలు ఎండబెట్టుకున్నడు.
నర్సు లిజమ్మ గొట్టాలు తగిలిస్తే
నెత్తురు బయటికొచ్చి
కడుక్కొని మళ్ళ లోపలికి పోతది.

"ఏ కరెంటు ఇది?" అడిగిండు.
పైకి చూపిన.
శానసేపు ఏం అనలే.
"గా ఎండేనా" అన్నడు,
బాకీ ఉన్నోడు పదో పరకో తెచ్చిస్తే
లెక్కబెట్టకుండ జేబుల పెట్టుకున్నట్టు.

నాలుగు గంటలు పడుతది ఆయనకు.
నేను మళ్ళ మిద్దెక్కిన.
పడమటి వరుసల ఒక పలక మీద
పావురం రెట్ట ఉండిపోయింది.