ఆపై

మా నాన్న ఏసుపాదం గోడల మీద రాసేవాడు.
బ్రష్షులు కిరసనాయిల్లో నానేసి
నిచ్చెన సైకిలుకి కట్టుకొని
సంగడిగుంట నుంచి మూడు వంతెనల దాకా
ఏ గోడ ఖాళీగా కనిపిస్తే ఆ గోడ మీద
ఇద్దరు ముద్దు, ఆపై వద్దు.
అక్షరానికి ఇంత అని లెక్క.

నేను ఆపై.
మార్తక్క తర్వాత, ఇమ్మానుయేలన్న తర్వాత
మూడోదాన్ని, దీవెనని.
నీలం డబ్బా పట్టుకొని నిచ్చెన కింద నిలబడేదాన్ని.
బడికి పోకముందే నాకొచ్చిన చదువు
వద్దు.
దకి ద వత్తిస్తే ద్ద, కొమ్మిస్తే ద్దు
అని పైనుంచి నాన్న చెప్పేవాడు,
కిందనుంచి నేను అప్పజెప్పేదాన్ని.

ఒకరోజు జీపు ఆగింది.
"ఎంతమందయ్యా నీకు?"
"ఇద్దరండి."
"మరి ఈ పిల్ల?"
"మా అక్క కూతురండి."
నాన్నకి అక్క లేదు.
నాన్న మళ్ళీ నిచ్చెనెక్కాడు.
అప్పుడు రాసిన ద్దు కింది వత్తు
గోడ అడుగు దాకా కారింది.
తుడవలేదు.
ఇంటికి పోతూ రెండు పుల్లైసులు కొన్నాడు,
ఒకటి నాకు,
రెండోది కూడా నాకే.

ఆ నెల్లోనే అమ్మ పెద్దాసుపత్రి నుంచి
కుట్లతో, ఒక ప్లాస్టిక్ బకెట్టుతో వచ్చింది.
బకెట్టు చాలా ఏళ్ళు మన్నింది.

ఇప్పుడు ఆ గోడ వెనకే, మున్సిపల్ బడిలో
నేను వండుతాను.
చేరిన కొత్తలో రెండు గుండిగలు, నూటడెబ్భై మంది,
గంట కొట్టకముందే కంచాల మోత.
తర్వాత ఒక గుండిగ.
ఈ ఏడు మా ఇంట్లో తపేలా చాలుతోంది.
పంతొమ్మిది గుడ్లు.
కొందరు కాన్వెంటు బస్సెక్కారు, నిజమే.
మిగతావాళ్ళు అసలు పుట్టనేలేదు.

మా ప్రిసిల్లాకి ఒక్కడే.
బెజవాడలో స్కానింగ్ సెంటర్లో పని,
పొద్దస్తమానం ఎవరెవరి కడుపుల మీదో జెల్లు పూసి
గుండె కొట్టుకుంటోందండీ అని చెప్పే పని.
"ఇంకొకర్ని కనమ్మా" అన్నాను ఒకసారి, ఫోన్లో.
ఫీజుల సంగతి ఎత్తుతుందనుకున్నా,
అద్దె సంగతి ఎత్తుతుందనుకున్నా.
"ఎవరు పట్టుకుంటారమ్మా?" అంది.
నా చేతిలో గరిటె ఉంది.
అన్నం అడుగంటుతోందని ఫోను పెట్టేశాను.

మొన్న పైనుంచి కాగితం వచ్చిందట,
ఎక్కువమందిని కనండని గోడ మీద రాయించాలట.
హెడ్డమ్మగారు చదివి, కళ్ళజోడు తుడుచుకొని,
మళ్ళీ చదివి, నావైపు చూశారు.
నాకేం చెప్పాలో తెలీక
పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో అడిగాను.

కూలి కుర్రాడు గోడ గీకాడు.
ఒక పొర సున్నం,
ఒక పొర ఏదో పార్టీ,
ఒక పొర సిమెంటు కంపెనీ,
వాటన్నిటి కింద నీలం.
పెచ్చులూడి, పెచ్చులూడి
ఒక్క అక్షరమే మిగిలింది.
ద్దు.
వత్తు కిందికి కారిన ద్దు.

ముద్దులోదా, వద్దులోదా?
ఇన్నాళ్ళూ నాకు తెలుసనే అనుకున్నాను.
చెయ్యి ఆనిస్తే గోడ కాలుతోంది.
రాసినవాడు కొరిటెపాడు సమాధుల్లో ఉన్నాడు,
మీద పేరు మేమే రాయించాం,
వంకరగా వచ్చింది.

"మిగతాది రేపు" అని కుర్రాడు వెళ్ళిపోయాడు.
పిల్లలు తిని, చేతులు కడుక్కొని
గోడ దగ్గర మూగారు.
రోడ్డు వేసిన మీదల్లా వేసి
గోడ పొట్టిదైపోయింది, ఎవరికైనా అందుతుంది.
రెండో తరగతి కవలల్లో చిన్నది
ఇస్త్రీబండి దగ్గర బొగ్గుముక్క తెచ్చి
ద్దు ముందు ఒక అక్షరం పెట్టింది.

ఎద్దు.

పంతొమ్మిది మందీ పడీ పడీ నవ్వుతున్నారు,
"తోక కూడా ఉందే! తోక కూడా ఉందే!" అని
నాన్న కారనిచ్చిన గీతని
వేళ్ళతో తడుముతూ.