పొయ్యి దిగిన చేతులు

తలుపు తీసిన చప్పుడుకి
బూట్ల పెట్టె వెనక ఉన్న బూడిదరంగు రాయి
ఇంకాస్త రాయి అయిపోయింది.

పై అంతస్తు ఎలిసో బతూమికి మారిపోతూ
ఉల్లిపాయల బుట్టలో పెట్టి ఇచ్చింది దీన్ని.
"పేరేం పెట్టలేదు మల్ఖాజ్,
కు అనే పిలిచేదాన్ని" అంది.
మా జార్జియన్లో తాబేలంటే అంతే,
ఒక్క అక్షరం.
నోరు తెరిచి మూసేలోపు అయిపోతుంది.

డిప్ప మీద ఎడమ పక్కన సన్నటి బీట.
కింద వాకిట్లో పిల్లలు చెంచాలతో వాయించేవారట,
లోపల ఎవరైనా ఉన్నారా అని.
ఉన్నారు.
బయటికి రావడమే మానుకున్నారు.

మొదటి వారం నేనూ ఆ పిల్లల్లో ఒకణ్ని.
పైనుంచి చెయ్యి వేసి ఎత్తాను,
మొహంలో మొహం పెట్టి బుజ్జగించాను.
పంక్చరైన సైకిలు ట్యూబులా బుస్సుమని
తలుపులన్నీ బిగించుకుంది.
పశువుల డాక్టరు త్సియాల నవ్వింది:
"ఆకాశంలోంచి దిగే చెయ్యి ఏదైనా
దానికి గద్దే కదయ్యా.
నువ్వే కిందికి దిగు."

దిగాను.
వంద కిలోల మనిషిని, యాభై రెండేళ్ల మోకాళ్లతో
నేల మీద బోర్లా పడుకున్నాను.
అక్కణ్నుంచి చూస్తే నా గది నాకే కొత్త:
సోఫా కింద ఎప్పుడో పోయిన బొత్తం,
సగం పగిలిన వాల్‌నట్ తొక్క,
బల్ల అడుగున ఏ వడ్రంగో సుద్దతో రాసుకున్న
పదిహేడు అంకె.
ఇన్నేళ్లూ ఆ పదిహేడు మీద పళ్లెం పెట్టుకుని తిన్నాను.

నా పని రాత్రిపూట.
బావిలాంటి మట్టి పొయ్యిలోకి నడుందాకా వంగి
లోగోడకి రొట్టెలు అతికిస్తాను.
ఇల్లు చేరేసరికి తెల్లవారి ఏడు.
ఏడూ పదికి, కొండవాలున కోసుకొచ్చిన
డాండెలియన్ ఆకులు నాలుగు, ఓ పసుపు పువ్వు.
అదే పళ్లెం, అదే మూల, అదే ఒక్క అక్షరం.
పెట్టేసి, బారెడు దూరం జరిగి
చూడనట్టు నటించేవాణ్ని.
నటన దానికి ఇట్టే తెలిసిపోయేది.
చూపుకి కూడా బరువుంటుందని
ఎవరూ చెప్పలేదు నాకు. మా ఆవిడ చెప్పిందేమో,
నేను వినలేదేమో.

నేను నిద్రపోయాకే తినేది.
లేచేసరికి ఖాళీ పళ్లెం,
అంచు మీద ఓ ఆకు తొడిమ.
"కుక్కని పెంచుకోవయ్యా,
తోకైనా ఊపుతుంది" అన్నాడు ఎదురింటి నోదారి.
తోక దీనికీ ఉంది,
చూపించేంత చనువు ఇంకా రాలేదు అన్నాను.

ఈస్టరు ముందు రాత్రి
టిబిలిసి అంతా మా పొయ్యి ముందే నిలబడినట్టుంది.
ఒంట్లో ఎముకనేది మిగలకుండా ఇంటికొచ్చి
ఆకులు మర్చిపోయి, బూట్లు కూడా విప్పకుండా
నేల మీదే ఒరిగిపోయాను,
అరచెయ్యి పైకి తెరిచి, గీతల్లో పిండితో.

మెలకువ వచ్చింది గీకుడుకి.
మణికట్టు మీద గరుకు గోళ్లు నాలుగు,
ముందు ఒకటి, ఆలోచించుకుని రెండోది.
అరచేతిలోకి ఎక్కి
నాడి కొట్టుకునే చోట గడ్డం ఆనించింది.
మెడ అంత పొడవుంటుందని నాకు తెలీదు.
ముసలి మెడ. నా మెడ లాంటిదే.

ముక్కు దురద పెట్టింది. గోక్కోలేదు.
గుడి గంటలు మోగాయి. కదల్లేదు.
కాసేపటికి చెయ్యి చల్లబడింది,
దిగి వెళ్లిపోయింది.
ప్రేమా దోమా కాదు, వేడి!
సరే, నా దగ్గర ఉన్నది అదే.

అప్పట్నుంచి
పొయ్యి దిగిన చేతులు జేబుల్లో దాచుకుని
ఎవరితోనూ కరచాలనం చెయ్యకుండా
మెట్లు రెండేసి ఎక్కి వస్తున్నాను.
నోదారికి నా మీద కోపం.

నిన్న సెలవు. పొయ్యి లేదు, చేతుల్లో వేడీ లేదు.
టీ కెటిల్ పట్టుకుని వెచ్చబెట్టుకుందామనుకుంటూనే
కునుకు తీశాను.
వచ్చింది.
చల్లటి అరచెయ్యి వాసన చూసింది.
చాలాసేపు నిలబడింది,
పద్దు తేలని షావుకారులా.
తర్వాత నా బొటనవేలు కొరికింది,
మెల్లగానే.
ఆకు అనుకుని కాబోలు.