తరుగు

రెండేళ్లు గీకాను కార్డు,
ఐసుకి, డీజిలుకి, మేత బస్తాలకి.
చెరువులో వదిలిన సీడులా
కంటికానకుండా ఎదిగాయి పాయింట్లు.

రాత్రి మొగల్తూరు కాటా దగ్గర
లారీ వచ్చేలోగా
వాటిని విమానం మైళ్లు చేద్దామని కూర్చున్నా.
రెండు పాయింట్లకి ఒక్క మైలట.
మార్చినందుకు నూట తొంభై తొమ్మిది,
ఆ రుసుము నెత్తిన జీఎస్టీ.
మధురపూడిలో ఎక్కితే పన్ను,
హైదరాబాదులో దిగితే పన్ను.
ఊరకే వచ్చే టిక్కెట్టుకి
పదమూడు వందల నలభై!

"ఇదేం లెక్క?" పైకే అన్నట్టున్నాను.
ట్రే వంచుతున్న ఒడుగు సత్తెమ్మ
తలెత్తకుండానే అంది:
"తరుగండీ.
నీళ్లకింత, ఐసుకింత, తలలూడినవాటికింత.
మీరు రాసేదేగా."

కాటా ముల్లు ఇంకా ఊగుతోంది.
ఆమె నలభై కౌంటు రొయ్య
నీళ్లోడుతోంది.
పెన్ను కాసేపు ఆగింది.
తర్వాత, ఎప్పట్లాగే,
రెండు కిలోలు కొట్టేసింది.