రెండో డికాషన్

ట్రిప్లికేన్‌లో మా ప్రెస్సు పాడుచేసిన పెళ్లికార్డుల్ని
వకుళ పారేయనివ్వదు.
అచ్చు జారిపోయిన వరుడి పేరు,
రెండుసార్లు పడిన ముహూర్తం,
వాటి వెనక తెల్లగా మిగిలిన చోట
మా ఇంటి లెక్క రాస్తుంది.
ఎవరో సౌందర్‌రాజన్, ఎవరో మైత్రేయి
మా పాల బాకీ మోస్తూ
వంటింటి మేకుకి వేలాడుతుంటారు.

కుక్కర్ రెండో కూతకే స్టవ్ ఆపేస్తుంది.
"మిగతాది దాని వేడికే ఉడుకుతుంది,
నీ కోపంలాగ" అంటుంది.

పాల ప్యాకెట్ కత్తిరించాక
చెంచాడు నీళ్లు పోసి కుదిపి
ఆ తెల్లటి కడుగు కూడా గిన్నెలోకి వంచుతుంది.
ఖాళీ కవర్లు పలకల గోడకి అంటించి ఆరబెడుతుంది.
అవి కిలో తూగాక
పాత పేపర్ల పెరుమాళ్‌తో
అయిదు రూపాయల కోసం అరగంట అరవంలో పోట్లాడి
గెలిచి
అతనికి గ్లాసుడు మజ్జిగ ఇస్తుంది.
ఆ మజ్జిగ ఏ కార్డు వెనకా రాయదు.

లారీ వెనక బిందెలతో పరుగెత్తిన ఆ ఎండాకాలం నుంచీ
మా ఇంట్లో నీళ్లకి మూడు ఉద్యోగాలు.
బియ్యం కడగాలి, గిన్నెల జిడ్డు వదిలించాలి,
సాయంత్రానికి
కరివేపాకు కుండీలో రిటైరవ్వాలి.

సబ్బు అరిగి గోరంతయితే
కొత్త సబ్బు వీపుకి అతికిస్తుంది.
పెళ్లయిన కొత్తలో కొన్నది
ఇంకా ఆ పొరల్లో ఎక్కడో ఉండే ఉంటుంది.

ఓనరు పెట్టిన మీటరు మెట్ల కింద.
యూనిట్‌కి తొమ్మిది.
పడుకునే ముందు టార్చి వేసుకుని వెళ్లి
దాన్ని చూసి వస్తుంది,
పిల్లకి జ్వరం చూసినట్టు.

ప్రెస్సులో ఇవన్నీ చెప్పి నవ్వించేవాణ్ని.
"మా ఆవిడ చేతిలో పడితే
సముద్రం కూడా నెలాఖరుదాకా వస్తుంది" అని.
నా చొక్కా కాలరు తిప్పి కుట్టినట్టు
ఆ నవ్విన వాళ్లెవరికీ తెలీదు.

డికాషన్ సంగతి వేరు.
ఫిల్టర్‌లో మొదట దిగింది ఇంటికొచ్చినవాళ్లకి.
అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే దిగింది మాకు.
ఒకటో తారీఖున మాత్రం
ఇద్దరికీ మొదటిదే.
ఎవరూ రాయలేదు, ఎవరూ తప్పలేదు.

ఆషాఢంలో ఓనరు కొడుకు మమ్మల్ని నలుగుర్నీ పిలిచి
పెళ్లికార్డులన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాయన్నాడు.
వచ్చే నెల నుంచి
వారానికి మూడు రోజులు చాలన్నాడు.
మర్యాదగానే అన్నాడు.
ఫ్యాను కింద కూర్చోబెట్టి మరీ అన్నాడు.

బస్సెక్కలేదు.
చింతాద్రిపేట దాకా నడిచాను.
నా అంతట నేను మిగిల్చిన మొదటి పదిహేను రూపాయలు
జేబులో గలగలమంటూ వచ్చాయి.

వకుళ ఏమీ అడగలేదు.
చెప్పుల దుమ్ము చూసింది.
గడియారం చూసింది.
లోపల ఫిల్టర్ మీద రెండుసార్లు తట్టిన చప్పుడు.

గ్లాసులో కాఫీ,
ఒకటో తారీఖు రంగులో.
ఆవేళ పందొమ్మిది.

"నేనేమైనా చుట్టాన్నా?" అన్నాను.
"చక్కెర సరిపోయిందా?" అంది.

కాఫీ చల్లారే లోపు చెప్పేశాను.
మేకు నుంచి ఓ కార్డు లాగి
వెనక్కి తిప్పి
పెన్సిలు నా చేతికిచ్చింది.
అద్దె, పాలు, గ్యాసు.
నా అక్షరాలు నాకే కొత్తగా ఉన్నాయి.
జేబులోంచి అయిదు బిళ్ల తీసి కార్డు మీద పెట్టాను.

"బస్సుకి పదిహేను కదా,
మిగతా పది?"

"దారిలో వేరుశనక్కాయలు.
సగం నీకే ఉంచాను."

పొట్లం విప్పింది. రెండు గింజలు నోట్లో వేసుకుంది.
మిగతావి పళ్లెంలోకి వంపి,
కాగితం ముడతలు అరచేత్తో సాపు చేసి
వెనక్కి తిప్పి చూసింది.

ఖాళీయే.
మేకుకి గుచ్చింది.