వాలు

పాటిదిబ్బ మీద మూడో గుంట.
నడుం లోతులో ఇటుకల అరుగు,
అరుగు కింద, ఒకదాని నోట్లో ఒకటి దూర్చిన
మట్టి గొట్టాలు.

మిరపకాయల తొడిమలు తీసీ తీసీ
మండే చేతులు దీవెనమ్మవి.
కుంచె ఆమెకే ఇచ్చారు, మెల్లగా దులుపుతుందని.
"ఊరంతా కలిసి స్నానాలా?" అని నవ్వింది.
"మరి ఆడాళ్ళకో?"
సారు దగ్గర జవాబు లేదు.
పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

గుంటూరులో ఆమె వీధికి
కుళాయి రోజు విడిచి రోజు,
తెల్లారుజామున మూడింటికి.
బిందె మీద పేరు లేకపోతే బిందె కూడా పోతుంది.

మధ్యాహ్నం బువ్వ తిని
చెయ్యి కడిగిన నీళ్ళు
ఇటుక మీదికి ఒలికాయి.
ఆగలేదు.
ఎవరో నిన్ననే దారి చెప్పినట్టు
అంచు వెంట పాకి, మూల తిరిగి,
గొట్టంలోకి దిగిపోయాయి.

పదిహేడు వందల ఏళ్ళ కిందట
ఏ తాపీమేస్త్రో దారం పట్టి,
ఒక కన్ను మూసి చూసుకున్న వాలు.
బొటనవేలి గోరంత.

కొలబద్దతో నేనక్కడే ఉన్నాను.
కొలవడం మర్చిపోయాను.

సీసాలోంచి ఇంకో దోసెడు పోసి
దీవెనమ్మ గొట్టానికి చెవి ఆనించింది.
"పోతానే ఉన్నాయయ్యా," అంది.
"ఆ చివర ఎవరి మడి ఉందో!"