గీత పడ్డ డ్రిల్లు

రామగిరి సందుల మూడో అంతస్తు గది.
తోలు కుర్చీ, మెడ వంచే నల్ల దీపం,
గడియారాలకో టేకు పెట్టె,
లోపల గడియారం ఒక్కటే.
నెలనెలా కిస్తీ కట్టే డ్రిల్లు.
మగోడి గదంటే ఇట్లుండాలె అని
నాకు నేనే చెప్పుకున్న.

అద్దం బిగిద్దామని మీట నొక్కితే
గోడ సున్నం రాల్చి నవ్వింది.
మూడు బొక్కలు.
మూడూ వంకర.

వడ్ల మోనాచారి వచ్చిండు,
చెవి సందున పెన్సిలు, చంకల సంచి.
డ్రిల్లు దిక్కు చూడనన్న చూడలే.
వేలి కణుపుతో గోడను తట్టి
పుచ్చకాయ బేరం చేసినట్టు విన్నడు.
"ఈడ డొల్ల సార్. జర పక్కకు."

పోయేటప్పుడు మాత్రం
దాన్ని చేతిల పట్టుకొని బరువు చూసి
"వారం ఇస్తరా?
చర్లపల్లిల పదకొండు దర్వాజలున్నయ్" అన్నడు.

పన్నెండు రోజులకు తెచ్చిండు.
పిడికి చెమట నలుపు, మూతికి రంపపుపొట్టు,
పక్కన పొడుగాటి గీత ఒకటి.
"నిచ్చెన మీదికెల్లి జారింది సార్"
నేల చూపులు చూసిండు.

కిరాయి వద్దన్న.

పొద్దున అద్దం ముందు మీసం దువ్వుకుంట
వెనక గదిని చూస్తే
పనికి పోయొచ్చిన మొఖం
దానొక్కదానిదే.